మధ్యలో తెల్లకాగితాలు

మాస్టారు పోయారని పోయిన నెల్లో తమ్ముడు ఫోన్ చేశాడు. తొంభై దాటిన మనిషి, ఏడాదిగా మంచం మీదే ఉన్నారు. అనుకోని కబురేం కాదు. అయినా ఫోన్ పెట్టేశాక, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయాను.

మర్నాడు విజయవాడలో పటమట వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా లేదు, ఏడుపుల్లేవు. ముందే కాగితం రాసిచ్చారట, దేహాన్ని మెడికల్ కాలేజీ వాళ్ళు తీసుకెళ్ళిపోయారు. వాళ్ళమ్మాయి నన్ను చూసి, "రా అక్కా, నీకివ్వమని నాన్న ఒకటి పక్కన పెట్టించారు" అంటూ లోపలి గదిలోకి తీసుకెళ్ళి బీరువా తలుపు తీసింది.

మైదా జిగురు, మైలుతుత్తం, పాత క్యాలికో గుడ్డ. చిన్నప్పటి మా నాన్న చేతుల వాసన. నాన్న పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆయన కుట్టిన పుస్తకాలు మాత్రం ఆ బీరువాలో వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాని వీపూ వంగలేదు.

*

ఏలూరు రోడ్డులోంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉండేది మా బైండింగు కొట్టు. ముందు గదిలో పని, వెనక గదిలో మా కాపురం. తెల్లారేసరికి పక్క ప్రెస్సులో ట్రెడిల్ అచ్చు యంత్రం మొదలయ్యేది. ఆ చప్పుడుతోనే మాకు మెలకువ. అచ్చయిన ఫారాలు రిక్షాలో వచ్చి గుమ్మంలో దిగేవి. అమ్మా, పక్కింటి అత్తా చాప మీద కూర్చుని కబుర్లాడుతూ మడతలు పెట్టేవాళ్ళు. వాళ్ళ చూపు కాగితం మీద ఉండేదే కాదు, అయినా అంచుకి అంచు తప్పేది కాదు. కుట్టడం మాత్రం నాన్నే. దారాన్ని మైనం ముద్ద మీద ఒకసారి లాగి, సూదిలోకి ఎక్కించి, ఒక్కో ఫారం వీపులోంచి పోనిచ్చి బిగించేవారు. బిగించిన ప్రతిసారీ దారం కిర్రుమనేది.

జిగురు కాయడం నా పని. మైదాని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, స్టవ్ మీద పెట్టి, అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. తెల్లటి పిండి కాసేపటికి గాజులా నిగనిగలాడుతుంది, గరిట నుంచి తీగలా జారుతుంది. అప్పుడు దించి, నూరిన మైలుతుత్తం చిటికెడు కలపాలి. పాల తెలుపులోకి లేత నీలం పాకుతుంటే చూడ్డం నాకెంత ఇష్టమో! "వేలు నోట్లో పెట్టుకోకు, విషం" అని నాన్న రోజూ చెప్పేవారు. ఆ విషం లేకపోతే పురుగు పట్టి పుస్తకం పిండైపోతుందనీ చెప్పేవారు.

జూన్‌లో బడి పుస్తకాలు, డిసెంబరులో బైబిళ్ళు. క్రిస్మస్ ముందు చర్చి వాళ్ళంతా చిరిగిపోయిన బైబిళ్ళూ కీర్తనల పుస్తకాలూ తెచ్చి ఇచ్చేవారు. ఒక్కోదాంట్లో ఎండిన గులాబి రేకులు, పుట్టినరోజు కార్డులు, చనిపోయిన పిల్లల ఫోటోలు ఉండేవి. నాన్న వాటిని ఏ పేజీలో ఉన్నవి ఆ పేజీ నంబరు రాసి కవర్లో పెట్టి, కుట్టాక మళ్ళీ అక్కడే ఉంచేవారు. ఎవరి బైబిలు ఎక్కడ నలిగిందో, ఎక్కడ అసలు తెరవనే లేదో నాన్నకి తెలుసు. ఒక్కరికీ చెప్పలేదు.

*

మాస్టారు మొదటిసారి మా కొట్టుకొచ్చింది నాస్తిక పత్రికలు బైండు చేయించడానికి. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు, పటమటలో ఉండేవారు. గోరా గారు 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో పటమటకి మారింది. అప్పటినుంచీ మాస్టారికి అక్కడికి రాకపోకలున్నాయి. నాస్తికుడంటే కొమ్ములుంటాయనుకున్న వయసు నాది. తెల్ల చొక్కా, సైకిలు, చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు. అంతే ఆయన. "ఏమండీ, మీరు ఎప్పటికి ఇవ్వగలరు?" అని నాన్నని అడిగారు. మా నాన్నని 'మీరు' అన్న మొదటి చదువుకున్న మనిషి ఆయనే. మా చర్చిలో సంఘ పెద్ద కూడా, మా వాళ్ళలోనే కాస్త కలిగినవాడు, 'నువ్వు' అనే అనేవాడు. ఆ ఒక్క మాట నాన్న మనసులో ఎంత దూరం వెళ్ళిందో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.

రెండో ఏడు ఆయన బైబిల్లోని కొత్త నిబంధన పుస్తకం ఒకటి తెచ్చారు.

"ప్రతి కాగితం తర్వాత ఒక తెల్లకాగితం పెట్టి కుట్టగలరా?"

"కుట్టొచ్చండి, లావైపోద్ది. ఎందుకండీ?"

"ప్రశ్నలు రాసుకుంటాను. మనుషుల్ని అడిగితే కోపాలొస్తున్నాయి."

నాన్న వారం రోజులు తీసుకున్నారు. పుస్తకం మొత్తం విప్పి, ఆకు ఆకుకీ మధ్య తెల్లకాగితం పొదిగి, అన్నీ మళ్ళీ కుదురుగా కట్టలు చేసి కుట్టారు. అంచులకి బైబిలుకి పూసినట్టే ఎర్ర రంగు పూశారు. నాస్తికుడి పుస్తకానికి ఎర్రంచెందుకని అమ్మ అడిగింది. "పుస్తకం అదే కదా" అన్నారు నాన్న.

ఏడాదికోసారి ఆ పుస్తకం రిపేరుకొచ్చేది. లావు మూలాన కీలు దగ్గర వదులయ్యేది. బైండింగుకొచ్చిన పుస్తకంలో ఇంకొకరి రాత చదవకూడదు, అది మా పనిలో మర్యాద. నాన్న మాస్టారిని అడిగారు, చదవొచ్చా అని. "చదవండి, జవాబు తెలిస్తే కింద రాయండి, తెలియకపోతే తెలియదని రాయండి" అన్నారాయన. అలా మొదలైంది. ఆయనది పెన్సిలు, నాన్నది నీలం సిరా.

సాయంత్రాలు ఆయన ముక్కాలి పీట మీద కూర్చునేవారు, నాన్న కుడుతూనే మాట్లాడేవారు. దేవుడే సత్యం అనే మాటని గాంధీ గారు తర్వాత సత్యమే దేవుడని తిప్పి చెప్పడం గురించి ఇద్దరూ రోజుల తరబడి వాదించుకున్నారు. జాషువా గారి ప్రస్తావన వస్తే మాత్రం ఇద్దరి ముఖాలూ వెలిగేవి. క్రీస్తు జీవితాన్ని కావ్యంగా రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవి ఆయన. ఆయన కూతురు హేమలత గారు గోరా గారి అబ్బాయి లవణం గారిని చేసుకుని ఆ నాస్తికుల ఇంటికి కోడలయ్యారు. "చూశారా, వియ్యం కుదరదని ఎవరన్నారు?" అనేవారు మాస్టారు.

*

సండేస్కూల్లో తోమా పాఠం వచ్చింది, యేసు తిరిగి లేచాడంటే చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు. టీచరు గోడకి పటం తగిలించింది. యేసు ప్రక్కలోని గాయంలో తోమా వేలు పెడుతున్న బొమ్మ. "అనుమానపు తోమాలా ఉండకూడదు పిల్లలూ" అంది. నేను చెయ్యెత్తి, "తోమా నిజంగా ముట్టుకున్నాడని ఎక్కడుంది టీచర్?" అన్నాను. ముందురోజు రాత్రి నాన్నా మాస్టారూ యోహాను ఇరవయ్యో అధ్యాయం చదువుతుంటే విన్నాను మరి. ప్రభువు ముట్టి చూడమన్నాడు, తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. ముట్టినట్టు రాసి లేదు. పైగా మిగతా శిష్యులకి చేతులూ ప్రక్కా ముందే చూపించాడు, చూశాకే వాళ్ళు సంతోషించారు. తోమా అడిగింది వాళ్ళకి అప్పటికే దొరికినదాన్నే. అంతకుముందు బేతనియకి బయల్దేరినప్పుడు, ఆయనతో పాటు మనమూ చనిపోదాం పదండి అన్నవాడూ ఆ తోమాయే.

ఇవన్నీ గడగడా చెప్పేశాను. టీచరు నన్ను గంట కొట్టేదాకా నిలబెట్టింది. నిజం చెప్పాలి, ఆ రోజు నాకు సత్యం మీద ప్రేమేం లేదు. టీచరు కంటే నాకే ఎక్కువ తెలుసని అందరికీ తెలియాలనుకున్నాను. ఇంటికొచ్చి గర్వంగా చెప్తే నాన్న సూది ఆపారు. "నువ్వు తెలుసుకోడానికి అడిగావా, ఓడించడానికి అడిగావా?" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయన మళ్ళీ కుట్టడం మొదలెట్టారు.

సోమవారం మా చర్చి సంఘ పెద్దాయన కొట్టుకొచ్చాడు. "పిల్లకి అవిశ్వాసం నూరిపోస్తున్నావట. ఆ నాస్తికుడితో పొత్తేంటి నీకు? జోడుగా ఉండొద్దని పౌలు చెప్పలేదా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆదివారం తెల్లవారుజామునే వచ్చి చర్చి ఊడ్చేది ఆయనే, దశమభాగం పైసా తగ్గకుండా ఇచ్చేవాడు, మా పెదనాన్న పోయినప్పుడు పెట్టె డబ్బులు ఆయనే కట్టాడు. కానీ తను ఏనాడూ ఏ విషయంలోనూ పొరపడలేదని నమ్మేవాడు.

*

తమ్ముడికి నాలుగేళ్ళప్పుడు మూర్ఛలు మొదలయ్యాయి. ఆడుకుంటూ ఆడుకుంటూ చూపు నిలిచిపోయేది, కాళ్ళూ చేతులూ కొట్టుకునేవి. చేతిలో తాళాలు పెట్టేవాళ్ళు. నాన్న మాత్రం పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద క్యాలికో గుడ్డ మడతపెట్టేవారు. డాక్టరు గార్డినాల్ మాత్రలు రాశారు, ఒక్కపూట కూడా మానొద్దన్నారు. మాత్రలేస్తుంటే నెలకి రెండుసార్లు వచ్చేది రెండు నెలలకోసారికి తగ్గింది.

అమ్మ ఏ గుమ్మం తొక్కలేదు గనక! గుణదల కొండ మీది మరియమాత గుహకి కూడా ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. 1924లో ఫాదర్ అర్లాటి అక్కడ ప్రతిష్ఠించిన తల్లి ఆమె. ఫిబ్రవరి తిరునాళ్ళలో ఆ మూడు రోజులూ హిందువులూ ముస్లింలూ కూడా వస్తారు. మాది ప్రొటెస్టెంటు ఇల్లు. విగ్రహం ముందు నిలబడిందని తెలిసి నాయనమ్మ నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు.

ఆ నాయనమ్మే తర్వాత తమ్ముణ్ణి స్వస్థత కూటానికి తీసుకెళ్ళింది. ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు. నాన్నా వెళ్ళారు, నేనూ వెళ్ళాను. బోధకుడు తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించి, నాన్న వైపు తిరిగి, "నీకు విశ్వాసముందా?" అని మైకులో అడిగాడు. అంతమందిలో అవునంటే అయిపోయేది. నాన్న, "కొంత ఉందండి" అన్నారు.

ఆ మాట మైకులో వినపడింది. జనం గొణిగారు. "ఇదిగో, ఈ ఇంటికి అడ్డం ఇదే" అన్నాడు బోధకుడు. మాత్రలు పట్టుకున్నంతకాలం దేవుణ్ణి నమ్మనట్టే అని కూడా అన్నాడు.

నాయనమ్మ ఆ రాత్రి నుంచి మాత్రలు మానిపించింది. అమ్మకీ నాన్నకీ తెలియకుండా, మాత్ర ఇచ్చే వంకతో బెల్లం ముక్క పెట్టేది. మూడో రాత్రి మొదలైన మూర్ఛ ఆగలేదు. ఒకటి తగ్గేలోపే ఇంకోటి. రిక్షాలో పెద్దాసుపత్రికి వెళ్ళేదాకా నాన్న వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉన్నారు. ఆ మందు హఠాత్తుగా ఆపితే మొదటికంటే గట్టిగా తిరగబడుతుందని డాక్టరు చెప్పారు. రెండు రోజులకి తమ్ముడు కళ్ళు తెరిచాడు.

మాస్టారు ఆసుపత్రికొచ్చారు. నాయనమ్మ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ముందే ఆయన నాన్నతో, "మీ భక్తి పిల్లాణ్ణి చంపబోయింది. ఇప్పటికైనా కళ్ళు తెరవండి" అన్నారు. ఇంకా చాలా అన్నారు. ఒక్కటీ అబద్ధం కాదు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ముసలావిడ చేతులు వణకడం నేను చూశాను. ఆయన చూడలేదు.

ఆ ఆదివారం పెద్దాయన చర్చిలో సాక్ష్యం చెప్తూ, తండ్రి అవిశ్వాసం వల్ల బిడ్డలు శ్రమపడతారని అన్నాడు. పేరెత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా.

*

వారం తర్వాత మాస్టారు మా ఇంటికొచ్చారు. కొట్లోకి కాదు, వెనక గదిలోకి. నాయనమ్మ ముందు నేల మీద కూర్చుని, "అమ్మా, ఆ రోజు నేను నా మాట నెగ్గిందన్న సంతోషంతో మాట్లాడాను. పిల్లాడు అలా ఉంటే నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది. అది చాలా పాపం" అన్నారు. ఆయన నోట పాపం అనే మాట నేను విన్నది అప్పుడే. నాయనమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ఆయనకి మజ్జిగ తెచ్చిచ్చింది.

మాస్టారు వెళ్ళబోతూ, లూకాలో పరిసయ్యుడూ, పన్నులు వసూలు చేసే సుంకరీ దేవాలయంలో ప్రార్థించే కథ, ఆ సుంకరిలాంటివాణ్ణి కానందుకు వందనాలని పరిసయ్యుడు దేవుడికి చెప్పుకునే కథ ఎత్తి, "మీ పెద్దాయన అచ్చం ఆ పరిసయ్యుడే" అన్నారు. నాన్న, "నేనూ అదే అనుకున్నానండి మాస్టారూ. చర్చిలో కూర్చుని, దేవా, ఆయనలాంటివాణ్ణి కానందుకు వందనాలు అనుకున్నాను. అనుకున్నాక భయమేసింది" అన్నారు.

ఆ రాత్రి నాన్న లాంతరు దగ్గర మార్కు తొమ్మిదో అధ్యాయం చదివారు. నేను నిద్ర నటిస్తూ విన్నాను. అందులోనూ మూర్ఛ వచ్చే పిల్లాడే. మత్తయి ఆ కథనే చెప్తూ వాణ్ణి చాంద్రరోగి అంటాడు. నిప్పులోనూ నీళ్ళలోనూ పడిపోయే పిల్లాడు. ఆ తండ్రి నమ్ముతున్నానని ఒప్పుకుంటూనే, నా అపనమ్మకానికి సాయం చెయ్యమని అరుస్తాడు. ప్రభువు వాణ్ణి వెనక్కి పంపలేదు, పూర్తిగా నమ్మి రమ్మనలేదు. పిల్లాణ్ణి లేపి నిలబెట్టాడు. నాన్న ఆ వాక్యం దగ్గర ఆగిపోయి ఏడ్చారు. మైకులో తను చెప్పిన 'కొంత' అక్కడ దొరికింది ఆయనకి. నా దృష్టిలో ఆ కూటంలో వందలమంది మధ్య నిజమైన ప్రార్థన ఆ ఒక్క మాటే.

తమ్ముడికి పదమూడేళ్ళొచ్చేసరికి మూర్ఛలు పూర్తిగా పోయాయి. డాక్టరు మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించారు. ప్రార్థన వల్లనని నాయనమ్మ, మందు వల్లనని మాస్టారు. నాన్ననడిగితే, "ఎలా తగ్గిందో నాకు తెలీదమ్మా. అప్పుడు పడిపోయేవాడు, ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు. అది తెలుసు" అనేవారు. బైబిల్లో యేసు వల్ల చూపొచ్చిన గుడ్డివాడు పరిసయ్యులకి చెప్పిన జవాబు అదేనని చాలా ఏళ్ళకి గానీ నాకు తట్టలేదు.

*

ఇప్పుడా సందులో ట్రెడిళ్ళు లేవు. మా కొట్టున్న చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. పుస్తకాలు వేడి జిగురుతో అతికించి వస్తున్నాయి, దారమే ఉండదు, రెండుసార్లు విప్పితే ఆకులు చేతిలోకొస్తాయి. చర్చిలో పాత మొహాలు లేవు. పెద్దాయన చివరి రోజుల్లో చూపు పోతే, వారానికి రెండుసార్లు వెళ్ళి ఆయనకి బైబిలు చదివి వినిపించింది నాన్నే. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

మాస్టారి అమ్మాయి నా చేతిలో పెట్టింది ఆ లావుపాటి కొత్త నిబంధనే. ఎర్రంచు వెలిసి ఇటుక రంగుకొచ్చింది. రాత్రి ఇంటికొచ్చి కూర్చున్నాను. పెన్సిలు ప్రశ్నలు, కింద నీలం సిరా. చాలా చోట్ల ఒకటే మాట, "తెలియదు". కొన్నిచోట్ల నాన్న జవాబు కింద మళ్ళీ పెన్సిలు, "ఇది ఒప్పుకుంటాను". ఒకచోట నాన్నే ప్రశ్న వేశారు, "సత్యం మీకు కావలసినట్టు లేకపోతే అప్పుడు కూడా కావాలా మాస్టారూ?" దాని కింద రెండు తారీఖులు ఉన్నాయి, మధ్య పదకొండేళ్ళ తేడా. మొదటి తారీఖు పక్కన "తప్పకుండా" అని రాసి కొట్టేశారు. రెండోదాని పక్కన "ప్రయత్నిస్తున్నాను".

యోహాను ఇరవయ్యో అధ్యాయం తీశాను. తోమా నమ్మలేదన్న చోటుకీ, ప్రభువు మళ్ళీ వచ్చిన చోటుకీ మధ్య ఎనిమిది రోజులు. పెన్సిలుతో ఇలా ఉంది: "ఈ ఎనిమిది రోజులూ వాళ్ళు తోమాని గదిలోంచి పంపెయ్యలేదు. నన్నయితే ఉండనిచ్చేవారా?"

కింద నాన్న రాత: "మా కొట్లో ఉన్నారుగా."

అపొస్తలుల కార్యములు దాటాక కాగితాలు తెల్లగానే ఉన్నాయి. తమ్ముడు తను చదువుతానని అడుగుతున్నాడు, ఆదివారం ఇస్తానన్నాను. కీలు దగ్గర దారం వదులైంది. ముందు అది కుట్టాలి. మైదా ఇంట్లో ఉంది, మైలుతుత్తం తేవాలి.